ప్రిపేర్ అవుతున్నాడు

నంద్యాలలో నలుగురు కలిసినచోట ఒక ప్రశ్న తప్పదు. "మీ పెద్దోడు ఏం చేస్తాండాడు?" జవాబూ దాదాపు ఒకటే: "ప్రిపేర్ అవుతాండాడు." దేనికి అని అడిగేవాళ్లు ఉండరు. ఆ మాట లేకుండానే వాక్యం పూర్తయిపోతుంది. వెనకటికి ఇదే ప్రశ్నకు "ఖాళీగా ఉన్నాడు" అనేవాళ్లు. అనేటప్పుడు తండ్రి గొంతు కాస్త తగ్గేది. ఇప్పుడు తగ్గనక్కర్లేదు. ఖాళీగా ఉండటానికి ఈ ఊరు ఒక గౌరవమైన పేరు కనిపెట్టింది. దానికి గది అద్దె, మెస్సు బిల్లు, టైమ్‌టేబుల్ కూడా సమకూర్చింది.

కరువంటే సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. చెరువు ఎండుతుంది, గొడ్లు సంతకు పోతాయి, ఆదోని, కోసిగి వైపు జనం మూటలు కట్టుకుని కూలి వెతుక్కుంటూ సుగ్గికి బయల్దేరుతారు. మాంద్యానికి అలాంటి గుర్తులు లేవు. కేసీ కాలువలో నీళ్లు పారుతూనే ఉంటాయి, మిల్లుల్లో వడ్లు ఆడుతూనే ఉంటాయి. ఒకరోజు తెల్లవారుజామున హైదరాబాద్ బస్సులోంచో బెంగళూరు బస్సులోంచో పిల్లోడు రెండు బ్యాగులతో దిగుతాడు. "వర్క్ ఫ్రమ్ హోమ్" అంటాడు. రెండు నెలలకు కొరియర్ కుర్రాడు వచ్చి కంపెనీ ల్యాప్‌టాప్ తీసుకుపోతాడు. మా వైపు మాంద్యం కంటికి కనబడేది ఆ అట్టపెట్టె రూపంలోనే.

పని పోయినవాడు, అసలు పని దొరకనివాడు, చెడ్డ రోజుల్లో మరో పని నేర్చుకుని నిలదొక్కుకోగలడా అన్నది పాత ప్రశ్న. ప్రభుత్వాలన్నీ "నేర్చుకో" అంటాయి. ఎవరి దగ్గర, ఎవరి డబ్బుతో, నేర్చుకున్నాక ఎక్కడ కూర్చోవాలి అన్న దగ్గర గొంతు సన్నగిల్లుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ఈ ప్రశ్నకు రెండు వేరు వేరు జవాబులు చెప్పాయి. రెండింటి మధ్య దూరం జాతీయ రహదారి మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు. తీరు చూస్తే మాత్రం వాటి మధ్య వందేళ్లున్నాయి.

ముందు నంద్యాల సంగతి.

ఇది 2022 ఏప్రిల్ 4 దాకా జిల్లా కేంద్రం కూడా కాదు. బియ్యం, విత్తనాలు, ప్లాస్టిక్ పైపులు, చుట్టూ నవనందులు, 1991 ఉప ఎన్నికలో పీవీ నరసింహారావుకు వచ్చిన 5 లక్షలు దాటిన మెజారిటీ, ఇవీ ఊరి గొప్పలు. అలాంటి ఊరు రెండు తెలుగు రాష్ట్రాల బ్యాంకు ఉద్యోగార్థులకు యాత్రాస్థలం అయింది. శ్రీ గురు రాఘవేంద్ర బ్యాంకింగ్ కోచింగ్ సెంటర్ పేరు శ్రీకాకుళంలో అడిగినా చెబుతారు, ఆదిలాబాద్‌లో అడిగినా చెబుతారు. దాని చుట్టూ హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు షాపులు, పాత పేపర్లు అమ్మే బడ్డీలు మొలిచాయి. హైదరాబాద్‌తో పోలిస్తే ఇక్కడ బతుకు చవక. పైగా సినిమా, మాల్, దోస్తులు అనే వ్యాపకాలు తక్కువ. తల్లిదండ్రులకు ఈ రెండో కారణం ఇంకా బాగా నచ్చుతుంది.

నంద్యాల విజయానికి బోధన ఒక్కటే కారణమనడం సగం నిజం. మిగతా సగం బ్యాంకుల్లో ఉంది. 1969 జూలై 19న 14 బ్యాంకులు, 1980లో మరో 6 ప్రభుత్వపరమయ్యాయి. ఊరూరా శాఖలు లేచాయి, గుమాస్తాలను వేలల్లో తీసుకున్నారు. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, చేతులు ఎక్కువయ్యాయి. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే లక్షమంది దాకా సంతకం పెట్టి ఇంటికి పోయారు. 2001లో బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులనే ఎత్తేశారు. తలుపు మూసుకుంది, లోపలున్నవాళ్లు ముసలివాళ్లవుతూ వచ్చారు. డెబ్భైలలో ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినవాడికి అరవై నిండేది ఎప్పుడో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. 2010 అటూఇటూ తేలుతుంది.

న్యూయార్క్‌లో లేమన్ బ్రదర్స్ కూలింది 2008 సెప్టెంబర్ 15న. సత్యం కంప్యూటర్స్ లెక్కలు బూటకమని దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసింది 2009 జనవరి 7న. యాభై వేలకు పైగా ఉద్యోగులున్న కంపెనీ అది. తెలుగు ఇళ్లలో పెళ్లి సంబంధాలకు హామీ పత్రంలా చెలామణి అయిన పేరు. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలోనే ఆఫర్ లెటర్ అందుకున్న పిల్లలు చేరే తేదీ కోసం నెలల తరబడి మెయిల్ తెరిచి చూసుకున్నారు. అప్పటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఆరువందలు దాటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని కౌలురైతు కొడుకూ, ఆటో డ్రైవర్ కూతురూ బీటెక్ అయ్యారు. అయ్యేసరికి బయట వాన ఆగిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వ బ్యాంకుల్లో కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. ప్రైవేటు కొలువులు ఎండిన ఏడాదే ప్రభుత్వ కొలువులు చిగురించడం నలభై ఏళ్ల కిందటి ఒక నిర్ణయం తాలూకు వయసు లెక్క, అంతకుమించి ఏమీ కాదు. ఏ నైపుణ్య మిషనూ దాన్ని ఊహించలేదు, ఏ మంత్రీ దానికి రిబ్బన్ కత్తిరించలేదు. 2011లో బ్యాంకు సిబ్బందిని ఎంపిక చేసే ఐబీపీఎస్ ఉమ్మడి రాత పరీక్ష మొదలుపెట్టడంతో ఒక్క చదువుకు ఇరవై దాకా బ్యాంకుల తలుపులు తెరుచుకున్నాయి. జావా నేర్చుకున్న పిల్లలు పుస్తకం మూసి నంద్యాల రైలెక్కారు.

వాళ్లు ఇక్కడ నేర్చుకున్నదేమిటో దగ్గరగా చూడాలి. తెల్లవారి ఐదింటికి హాస్టల్ వరండాలో బకెట్ల వరస. గదిలో మంచాల మధ్య గోడకు ఒక తెల్లకాగితం: ఏడో వంతు 14.28, తొమ్మిదో వంతు 11.11, పదకొండో వంతు 9.09, పదమూడో వంతు 7.69. పళ్లు తోముకుంటూ చదువుకోవడానికి అద్దం పక్కనే అంటించారు. ముప్ఫై దాకా వర్గాలు, ఇరవై దాకా ఘనాలు నోటికి రావాలి. వృత్తాకారపు బల్ల చుట్టూ ఎనిమిదిమంది కూర్చున్నారు, ఎ కి ఎడమ వైపు మూడోవాడు బి, సి ముఖం బయటికి తిరిగి ఉంది. ఎవరెక్కడో నాలుగు నిమిషాల్లో తేల్చాలి. గుమాస్తా ప్రిలిమ్స్ 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఇంగ్లిష్, లెక్కలు, రీజనింగ్ ఒక్కోదానికి 20 నిమిషాలు, తప్పు రాస్తే పావు మార్కు కోత. కాబట్టి చెప్పేది లెక్క ఎలా చేయాలన్నది కాదు. ఏ లెక్క చేయకుండా వదిలేయాలో పట్టుకోవడమే అసలు విద్య. పదహారేళ్ల చదువులో "ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు" అని విని పెరిగిన బీటెక్ పిల్లోడికి ఇది మింగుడు పడటానికి నెల పడుతుందని అక్కడ పాఠం చెప్పిన ఒకాయన నాతో అన్నాడు. "వచ్చినోడు తెలివైనోడే సార్. ఆ తెలివి మర్చిపోతే పాసవుతాడు."

వెటకారం చేయడం తేలిక. కానీ ఒప్పుకోవాల్సినది ఒప్పుకోవాలి. ఈ పరీక్షకు సిఫార్సు పనికిరాదు, మేనమామ ఎమ్మెల్యే కానక్కర్లేదు. శిరివెళ్లలోనో చాగలమర్రిలోనో చిన్న కమతం మీద బతికే ఇంటి ఆడపిల్ల ఒంగోలు శాఖలో కౌంటర్ వెనక కూర్చుందంటే ఈ దారినే. ఆడపిల్లల విషయంలో ఇంకో లెక్క కూడా నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం మహానగరంలో ఒంటరిగా వెతుక్కోవడానికి ఒప్పుకోని ఇల్లు, వార్డెన్ ఉన్న నంద్యాల హాస్టల్‌కు ఒప్పుకుంటుంది. ఒక ఏడాది గడువిస్తుంది. అబ్బాయికి మూడేళ్లు. ఆ రెండేళ్ల తేడా ఏ నోటిఫికేషన్‌లోనూ కనబడదు గానీ ఫలితాల్లో కనబడుతుంది.

నా అభ్యంతరం వేరే. ఇక్కడ నేర్చుకున్నది ఆ ఒక్క హాల్లో, ఆ ఒక్క గంటకు తప్ప ఎక్కడా చెల్లదు. కటాఫ్ దాటినవాడికి అది ఉద్యోగం. అర మార్కుతో పోయినవాడికి అది ఏమీ కాదు. బల్ల చుట్టూ ఎనిమిదిమందిని కూర్చోబెట్టగలనని చెప్పి నంద్యాల బజార్లో ఎవరి దగ్గరా పని అడగలేడు. కుట్టుపని సగం నేర్చుకున్నా చినిగిన చొక్కా కుట్టుకోవచ్చు. ఈ చదువు సగానికి విలువ సున్నా. అందుకే పోయినవాడు మళ్లీ రాస్తాడు. పెట్టిన ఏడాది దండగ కాకూడదని ఇంకో ఏడాది పెడతాడు.

పక్కనున్న తమిళనాడులో దీన్ని కొలిచి చూశారు. అక్కడి ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకోవడానికి 2001 నుంచి 2006 దాకా చాలా పోస్టుల నియామకాలు ఆపేసింది. ఉద్యోగాలే లేవు గనక యువకులు వేరే పనుల్లోకి మళ్లుతారని ఎవరైనా అనుకుంటారు. కునాల్ మంగల్ అనే ఆర్థికవేత్త లెక్కలు తీస్తే తలకిందులుగా తేలింది: ఆ కాలంలో డిగ్రీ పూర్తిచేసిన మగపిల్లలు పనిలో చేరకుండా ఎక్కువ కాలం గడిపారు, ఆ నష్టం తర్వాతి ఏళ్లలో వాళ్ల సంపాదనలోనూ కనబడింది. ఖాళీలు తగ్గేకొద్దీ క్యూ పొడుగవుతుంది. క్యూలో నిలబడినవాడికి ముందున్న తలకాయలు కనబడతాయి గానీ కిటికీ మూసేశారన్నది కనబడదు.

నంద్యాల కిటికీ మూతపడలేదు, సన్నబడింది. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2017లో 27 ఉన్న ప్రభుత్వ బ్యాంకులు మూడేళ్లలో 12 అయ్యాయి. మన గ్రామీణ బ్యాంకులు నాలుగూ 2025 మే 1న ఒక్కటయ్యాయి. టీ కొట్టు మీద స్కానర్ పెట్టాక పాస్‌బుక్ పట్టుకుని వచ్చేవాళ్లు తగ్గారు. 2024లో ఐబీపీఎస్ గుమాస్తా పోస్టులు దేశం మొత్తానికి 6,128. మన రాష్ట్రానికి వంద అటూఇటూ. 2025లో పేరు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అని మార్చి 10,277 ప్రకటించారు, మనకు నాలుగువందలు కూడా రాలేదు. దీనికి వయసు అడ్డు ఒకటి. గుమాస్తాకు 28, ఆఫీసరుకు 30, కుల రిజర్వేషన్ ఉన్నవాళ్లకు మూడు నుంచి ఐదేళ్ల సడలింపు. ముప్ఫై ఆరేళ్లకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి, ఇంటి లోను, ఎల్‌కేజీ ఫీజు నెత్తిన పెట్టుకుని వచ్చినవాడికి నంద్యాలలో గది దొరుకుతుంది, ప్రవేశపత్రం దొరకదు. అంటే మాంద్యం నిజంగా దెబ్బకొట్టినవాడు ఈ దారికి అర్హుడే కాడు. ఇది మొదటి ఉద్యోగానికి దారి. రెండో ఉద్యోగానికి కాదు.

రెండో ఉద్యోగానికి తెలుగువాళ్లు కనిపెట్టుకున్న దారి అమీర్‌పేట. దాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక క్లుప్తంగా. 2000 సంవత్సరం తేదీ గండం ముందు మెయిన్‌ఫ్రేములు, అది దాటాక జావా, ఆపైన టెస్టింగ్, శాప్, క్లౌడ్, ఇప్పుడు ఏఐ. మైత్రీవనం గోడల మీద ఫ్లెక్సీ మారిన రోజే మార్కెట్ మారిందని లెక్క. రెండు నెలల్లో పనికొచ్చేది చెబుతారు, చవగ్గా చెబుతారు. ఆ వేగం ఏ విశ్వవిద్యాలయానికీ లేదు. మాంద్యం వచ్చినప్పుడు మాత్రం నేర్చుకున్నవాడి దగ్గర లేనిది ఒక్కటే, అనుభవం. దాన్ని కూడా కాగితం మీద అమ్మే వీధులు ఉన్నాయని అందరికీ తెలుసు. ఆ కాగితం వెరిఫికేషన్‌లో దొరికిపోతే రెజ్యూమె మీద "గ్యాప్" కంటే పెద్ద మచ్చ పడుతుంది.

ఇక ఆళ్లగడ్డ.

కడప రోడ్డు మీద ఊళ్లోకి రాగానే చెవికి ముందు తగిలేది శబ్దం. వెనకటికి ఉలి మీద సుత్తి టిక్కుటిక్కు. ఇప్పుడు దానికి కోతమిషను కీచు తోడైంది. షెడ్ల ముందు సగం చెక్కిన హనుమంతుడు, ముక్కు ఇంకా రాని వినాయకుడు, గుడ్డ కప్పిన నాయకుడు వరసగా నిలబడి ఉంటారు. ఆళ్లగడ్డ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తరాలుగా విశ్వబ్రాహ్మణ కుటుంబాలు చేస్తున్న పని. ఆలయాల విగ్రహాలు, ధ్వజస్తంభం పీఠాలు, మండపాల స్తంభాలు ఇక్కడినుంచి రాష్ట్రాలు దాటిపోతాయి.

ఇక్కడ ఎవరూ "ప్రిపేర్" అవరు. చేరిన కుర్రాడు మొదటి నెలలు రాయి కడుగుతాడు, ఉలులు కొలిమికి తీసుకుపోయి మొన పెట్టించుకొస్తాడు, పెద్దవాళ్లు గీసిన గీత వెంట పనికిరాని ముక్క కొట్టేస్తాడు. ముఖం పొడవు ఒక తాళం అనుకుంటే విగ్రహం మొత్తం ఎన్ని తాళాలు, మోకాలు ఎక్కడ, నాభి ఎక్కడ అన్నది రాయి మీద ముగ్గుపిండి గీతలు చూస్తూ చూస్తూ తలకెక్కుతుంది. వేలి గోరు, పెదవి అంచు, కంటి రెప్ప చివరి ఏళ్లకు గానీ చేతికివ్వరు. ఒక షెడ్డులో పెద్దాయన కుర్రాడి చేతిలో ఉలి వాలు సర్దడం చూశాను. నోటితో ఏమీ చెప్పలేదు. మణికట్టు పట్టుకుని రవ్వంత కిందికి దించాడు, కుర్రాడు మళ్లీ కొట్టాడు, ఈసారి రాయి పలికిన శబ్దం వేరు. "వినపడిందా?" అన్నాడు పెద్దాయన. అంతే పాఠం. ఆ రోజుకు ఆ కుర్రాడికి కూలి కూడా ఉంది. తక్కువే, అయినా సాయంత్రం ఇంటికి పట్టుకుపోయేది ఏదో ఒకటి ఉంది. నేర్చుకునేవాడి చేతికి డబ్బు రావడం, నేర్చుకునేవాడి చేతినుంచి డబ్బు పోవడం: ఆళ్లగడ్డకూ నంద్యాలకూ ఉన్న తేడా అంతా ఇందులో ఉంది.

దీన్ని చూసి మురిసిపోవడం కూడా పొరపాటే. ఈ షెడ్డులోకి ఎవరు పడితే వాళ్లు రాలేరు. చుట్టరికం, కులం, ఊరు చూసుకునే పిలుస్తారు; ఆడపిల్ల ఉలి పట్టడం అరుదు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత దగ్గుగా బయటపడుతుంది; ముక్కుకు కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు. మాంద్యం ఇక్కడికీ వస్తుంది, వచ్చే తోవ వేరు. గుడి కట్టించే దాత అమెరికాలో ఉంటాడు, రియల్ ఎస్టేట్‌లో ఉంటాడు, రాజకీయాల్లో ఉంటాడు. వాళ్ల చెయ్యి బిగుసుకుంటే అడ్వాన్సు రాదు, సగం చెక్కిన విగ్రహం అలాగే నిలబడుతుంది. 2020లో గుళ్లే మూసేసినప్పుడు ప్రతిష్ఠలు ఎక్కడివి? అప్పుడు కూడా చేతిలో పనున్నవాడు సమాధి రాయి చెక్కుకున్నాడు, రోలు చెక్కుకున్నాడు, రుబ్బురోళ్లకు గాట్లు పెట్టుకున్నాడు. సగం విద్యకు కూడా ఎంతో కొంత వెల ఉండటమంటే ఇదే.

ఈ పనిని బడిలో చెప్పవచ్చునా అంటే చెప్పవచ్చు. తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్పకళా విద్యాలయం 1960 నుంచి ఉంది. చేరిన విద్యార్థి పేర టీటీడీ లక్ష రూపాయలు బ్యాంకులో వేసి, కోర్సు ముగిశాక వడ్డీతో ఇస్తుంది. పనిముట్లు కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టడానికి. శిక్షణ అయిపోయిన మర్నాటి గురించి ఆలోచించిన పథకాలు మన రాష్ట్రంలో ఎన్ని అని అడిగితే నాకు చప్పున గుర్తొచ్చేది ఇదొక్కటే.

పథకాలకు మాత్రం కొదవ లేదు. పల్లెటూరి యువతకు స్వయం ఉపాధి శిక్షణ అని 1979 ఆగస్టు 15న ట్రైసెమ్ పెట్టారు. ఇరవై ఏళ్లు నడిపి 1999లో వేరే పథకంలో కలిపేశారు. మన రాష్ట్రంలో 2005 ప్రాంతంలో ఈజీఎంఎం అనే ఉపాధి మిషన్ వచ్చింది. ఇంగ్లిష్ నాలుగు ముక్కలు, కంప్యూటర్, ఆఫీసులో మసలే తీరు మూడు నెలలు నేర్పి సెక్యూరిటీకో, షాపింగ్ మాల్‌కో పంపేవాళ్లు. కనీసం కంపెనీని ముందు అడిగి శిక్షణ మొదలుపెట్టేది అది. 2009లో కేంద్రం జాతీయ నైపుణ్య విధానం ప్రకటించి 2022కల్లా 50 కోట్లమందికి శిక్షణ అన్నది. 2015లో ఆ అంకెను 40 కోట్లకు దించారు. శారదా ప్రసాద్ అధ్యక్షతన వేసిన కమిటీ 2016లో ఆ లక్ష్యాలకు ఆధారమే లేదని, శిక్షణ అవసరాన్ని వదిలేసి అంకెల వెంట పరుగెత్తారని తేల్చి చెప్పింది. నంద్యాలకు ఈ చరిత్రలో అనుకోని చోటు దక్కింది. 2014లో ఏర్పడ్డ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థకు సంబంధించిన కేసులో అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడిని 2023 సెప్టెంబర్ 9 తెల్లవారుజామున అరెస్టు చేసింది ఈ ఊళ్లోనే. ఆ కేసు తప్పొప్పుల జోలికి నేను పోను. "స్కిల్" అనే మాట మా వైపు ముసలవ్వల నోట్లో కూడా పడింది మాత్రం ఆ రోజే. పడింది కూడా ఉద్యోగం అనే అర్థంలో కాదు.

ఊరి చుట్టూ పరిశ్రమలు లేవా అంటే ఉన్నాయి. బిలకలగూడూరులో జేఎస్‌డబ్ల్యూ సిమెంటు, కొలిమిగుండ్ల వైపు 2022లో మొదలైన రామ్‌కో, గనిలో 2017లో వెలిగిన 1,000 మెగావాట్ల సౌర పార్కు, పిన్నాపురంలో గ్రీన్‌కో జలవిద్యుత్తు. ఇవి కట్టేటప్పుడు వేలమంది కావాలి, కట్టాక కొద్దిమంది చాలు. సౌరఫలకం తుడవడానికి, కాపలాకు, మీటరు చూడటానికి ఎంతమంది? సౌర సాంకేతికుల కోసం సూర్యమిత్ర అనే మూడు నెలల కోర్సు కేంద్రం 2015లో తెచ్చింది. దాని అవసరం ఇళ్ల కప్పుల మీద ఉంది గానీ ఆ ఎకరాల మైదానంలో లేదు. వేల ఎకరాల అద్దాల పక్క ఊళ్లో నిలబడి "మాకు పనేది" అని అడిగే కుర్రాడికి సర్టిఫికెట్ జవాబు కాదు.

శిక్షణ అసలు పనిచేస్తుందా? డేవిడ్ కార్డ్, యోహెన్ క్లూవె, ఆండ్రియా వెబర్ 2018లో ప్రపంచమంతటి నుంచి రెండువందలకు పైగా అధ్యయనాలు పోగేసి చూశారు. మొదటి ఏడాదిలో ఫలితం దాదాపు ఏమీ లేదు. రెండు మూడేళ్లకు గానీ తేడా తెలియదు. ఇంకో విశేషం, మంచి రోజుల్లో కంటే మాంద్యంలో ఇచ్చిన శిక్షణకే ఫలితం ఎక్కువ. వినడానికి బాగుంది. మరి ఆ రెండు మూడేళ్లు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించాలి? జర్మనీ 2009లో దీనికి సూటి పద్ధతి పట్టింది: పని తగ్గితే మనిషిని తీసేయకుండా గంటలు తగ్గించమంది, పోయిన జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ప్రభుత్వం భరించింది. ఆ ఏడాది ఒక దశలో సుమారు 15 లక్షలమంది అలా గట్టెక్కారు. పని పోకుండా ఆపడం, పోయాక నేర్పడం కంటే చవక అని వాళ్లు లెక్క వేసుకున్నారు.

మన లెక్క చూద్దాం. ఈఎస్‌ఐ కార్డున్నవాడికి పని పోతే అటల్ బీమా వ్యక్తి కల్యాణ్ యోజన కింద జీతంలో సగం, 90 రోజులపాటు, జీవితంలో ఒక్కసారి. నెల జీతం 21,000 దాటినవాడికి ఈఎస్‌ఐయే వర్తించదు. దాటనివాడికి చాలాసార్లు యజమాని కార్డే చేయించడు. రాష్ట్రంలో 2018 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి యువనేస్తం పేర నెలకు 1,000 ఇచ్చారు, ఎన్నికల ముందు 2,000 చేశారు, ప్రభుత్వం మారాక ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో 3,000 అన్నారు. ఇక 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలో కొత్త సంగతి ఒకటుంది: పునర్నైపుణ్య నిధి. తీసేసిన ప్రతి కార్మికుడికీ యజమాని 15 రోజుల జీతం ఆ నిధికి కట్టాలి, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. మన చట్టంలో "పని పోయినవాడికి మళ్లీ నేర్చుకునే ఖర్చు ఉంటుంది" అని ఒప్పుకోవడం వరకు మెచ్చుకోదగ్గదే. 20,000 జీతగాడికి పది వేల పైచిలుకు వస్తుంది. నంద్యాలలో గదికీ, మెస్సుకూ రెండు నెలలు లాగొచ్చు. శిక్షణకు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఫలితానికి రెండేళ్లు.

ఈ లోటు ఇప్పటిదాకా భర్తీ చేస్తున్నది ఇల్లు. తల్లి డ్వాక్రా సంఘంలో అప్పు తెస్తుంది. అక్క పెళ్లి ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది. తమ్ముడు డిగ్రీ మానేసి మొబైల్ షాపులో కూర్చుంటాడు. కోవిడ్ ఏడాదుల్లో జీతాలు ఆగిన ప్రైవేటు పంతుళ్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి పారపట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ పంతుళ్లను అప్పట్లో పత్రికలు జాలిగా ఫోటోలు తీశాయి. నాకు మాత్రం వాళ్లే అందరికంటే త్వరగా పని మార్చుకున్నవాళ్లుగా కనబడ్డారు. నోటిఫికేషన్ కోసం ఆగలేదు, ఆగే వెసులుబాటు వాళ్ల ఇళ్లకు లేదు. ప్రిపేర్ అవడం కూడా కొంత కలిగినవాళ్ల సౌకర్యమేనని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మళ్లీ గాలి మారుతోంది. 2025 జూలైలో టీసీఎస్ ఒక్కటే 12,000 మందికి పైగా తగ్గిస్తామంది. వెళ్తున్నవాళ్లలో మధ్య వయసువాళ్లు, పదీ పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువ. అంటే ఈ పరీక్షలకు వయసు దాటిపోయినవాళ్లు. అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉండి పని పోయినవాడికి కొత్త యజమానిని వెతుక్కోవడానికి 60 రోజులు. అరవై రోజుల్లో ఏం నేర్చుకుంటాడు, ఏం మర్చిపోతాడు? వెనక్కి వచ్చినవాళ్లలో ఒకతన్ని నేనెరుగుదును. పేరెందుకు. పన్నెండేళ్లు ఒక కంపెనీలో టెస్టింగ్ చేశాడు. ఇంటికొచ్చి మూడు నెలలు ఏఐ కోర్సు చేశాడు, సర్టిఫికెట్ వచ్చింది, ఇంటర్వ్యూకు పిలుపు రాలేదు. వాళ్ల నాన్నకు విత్తనాల వ్యాపారం. కొడుకు ఇప్పుడు గోడౌన్‌లో మొలక శాతం లెక్కలు చూస్తున్నాడు: తడిగుడ్డలో వంద గింజలు వరస పెట్టి, చుట్టి, వారం తర్వాత విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం. "ఇది కూడా టెస్టింగేనన్నా" అన్నాడు నవ్వుతూ. గుడ్డ విప్పి చూపించాడు. ఎనభై ఆరు మొలిచాయి. మిగతా పద్నాలుగింటినీ ఒక్కొక్కటే గోటితో గీకి, లోపల పచ్చిదనం ఉందా లేదా అని చూస్తూ కూర్చున్నాడు.